మూడు లినెన్ గౌన్లు

పెళ్ళయిన ఐదో ఏట నాకు కడుపు వచ్చింది. హోలీ నాటికి నాలుగో నెల నడుస్తోంది, బరంపురంలో అప్పుడే ఎండ ముదిరింది. ఇక్కడి ఎండ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. సముద్రం దగ్గర కావడంతో గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది. పట్టిన చెమట ఆరదు, ఒంటి మీదే ఉండిపోతుంది.

నేను ఒక బడిలో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. చీర కట్టుకునే వెళ్ళాలి. లంగా బొందు పడే చోట, కుచ్చిళ్ళు దోపుకునే చోట నడుము చుట్టూ చెమటకాయలు లేచాయి. తెలియకుండా గోకేసుకుంటే రక్తం వచ్చేది. డాక్టరమ్మ చూసి, పొట్ట మీద ఏదీ బిగించకూడదంది.

"వదులుగా గౌన్లు కుట్టించుకోండి. గాలి ఆడే బట్ట తీసుకోండి, లినెన్ అయితే ఇంకా మంచిది. ఇంట్లో వేసుకునే నైటీలు మానేయండి, అవి సగం పాలిస్టరు."

మా అత్తయ్య పక్కనే కూర్చుని విన్నారు. డాక్టరమ్మ ఎదుట ఏమీ అనలేదు. ఆటో ఎక్కాక మొదలుపెట్టారు.

"గౌనేటమ్మా. పెళ్ళయిన మనిషి గౌనేసుకుని తిరుగుతాదేటి? నలుగురూ సూసి నవ్వరూ?"

"డాక్టరమ్మ చెప్పింది కదా అత్తయ్యా."

"ఆవిడకేటి, సెప్తాది. ఆవిడ సీరే కట్టుకుంది, సూసేవు కాదూ."

నడుము మండిపోతోంది.

మా అత్తవారిది బట్టల కొట్టు. మూడు తరాల కిందట టెక్కలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పట్టుచీరలు, నేతచీరలు అమ్ముతారు. మామగారు మంచం పట్టిన రోజుల్లో అత్తయ్యే ఆరేళ్ళపాటు కొట్లో కూర్చుని వ్యాపారం నడిపారు. ఆయన పోయాక మా ఆయన చేతికి అప్పగించి ఇంట్లో ఉండిపోయారు. మా కొట్లో లినెన్ లేదు. పక్క వీధిలో ముక్కల బట్టలమ్మే ఆయన దగ్గర ఉంటుందని, పొద్దున్నే మనిద్దరం వెళ్దామని మా ఆయన రాత్రి భోజనాల దగ్గర అన్నారు. పొద్దున్న మేం బయల్దేరేసరికి అత్తయ్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నేనూ వస్తాను. మీ ఇద్దరికీ గుడ్డ సంగతి ఏటి తెల్సు? ఏదోటి అంటగట్టీసి పంపుతాడు."

మా ఆయన నా వైపు చూసి నవ్వు ఆపుకున్నారు. పట్టుచీరల కొట్టు యజమాని ఆయన.

ఆ కొట్లో పరుపు మీద కూర్చున్నాం. కొట్టాయన ఒక్కొక్కటీ తీసి మా ముందు పరిచాడు. అత్తయ్య మొదటి బట్ట కొసను గుప్పిట్లో పట్టి గట్టిగా నలిపి వదిలారు. బట్ట మళ్ళీ మామూలుగా అయిపోయింది.

"ఇది కాదు. పాలిస్టరు కలిపేరు."

"ముడత పడనిదే అందరూ అడుగుతారు పెద్దమ్మా," అన్నాడు కొట్టాయన.

"ముడత పడాల. పడకపోతే అది లినెనెలా అవుతాది? మంచినీళ్ళు ఒక గ్లాసు తెప్పించు బాబూ."

ఆయన నిజంగానే తాగడానికనుకుని తెప్పించాడు. ఆవిడ వేలు ముంచి ఒక్కో బట్ట మీదా ఒక్కో చుక్క వేశారు. కొన్నిటి మీద చుక్క పూసలా నిలబడింది. కొన్నిటి మీద పడీపడగానే ఇంకిపోయింది. ఇంకినవి ఒక పక్కకు తీశారు. మళ్ళీ వాటిని వెలుతురుకు ఎత్తి పట్టి, దారంలో అక్కడక్కడా లావు కణుపులు ఉన్నాయా లేవా చూశారు. మూడు గంటలు పట్టింది. గౌనే వద్దన్న మనిషి ఆ గౌన్ల బట్ట కోసం అన్నం వేళ దాటేదాకా కూర్చున్నారు. నేను తెల్లది ఒకటి ముట్టుకుంటే, "తెలుపొద్దు," అని చెయ్యి తీసేశారు. చివరికి మూడు కోయించాం. లేత నీలం, కందిపప్పు రంగు, మట్టి ఎరుపు.

ఇంటికొచ్చాక మూడింటినీ బకెట్లో నానబెట్టారు. మొదటి తడుపుకే గుంజుకుపోతుందనీ, తడిపి ఆరేశాకే కుట్టుకివ్వాలనీ చెప్పారు. మేడమీద ఆ మూడు ముక్కలూ ఆరుతుంటే నేను నీడలో నిలబడి చూశాను. అవి మిగతా బట్టల్లా ఎగరలేదు, బరువుగా ఊగాయి.

మా వీధి చివర ఒక ఒడియా ఆవిడ కుట్టుమిషను పెట్టుకుని ఉంది. తెలుగు మాకంటే చక్కగా మాట్లాడుతుంది. ఆవిడ కొలతలు తీసుకుంటూ అంది.

"పక్కల్లో రెండేసి అంగుళాలు లోపల వదుల్తాను. పొట్ట పెరిగేకొద్దీ విప్పుకోవచ్చు. ముందు గుండీలు నడుం దాకా పెడతాను. పుట్టాక పాలివ్వడానికి ఇవే పనికొస్తాయి, మళ్ళీ కొత్తవి అక్కర్లేదు."

అత్తయ్య మొహం మారిపోయింది. "పుట్టకముందే పాల మాటెందుకమ్మా. ఊరుకో."

మా ఇంట్లో బిడ్డ పుట్టకముందు ఏదీ కొనరు. ఊయల కొనరు, చొక్కా కొనరు, చివరికి పేరు కూడా అనుకోరు. ఆ విషయంలో అత్తయ్య చాలా పట్టుదల. కానీ గుండీలు వద్దని మాత్రం అనలేదు.

గౌన్లు వచ్చిన రోజు నీలంది వేసుకున్నాను. మెడ దగ్గర కొంచెం గరుకుగా ఉంది. నాలుగు ఉతుకులకు మెత్తబడింది. డాక్టరమ్మ చీటీ చూపించాక బడికీ గౌనుతోనే రానిచ్చారు. అంతవరకూ నాకు తెలియనిది ఏమిటంటే, బట్ట ఒంటికి దూరంగా నిలబడుతుంది. నడుస్తుంటే కింది అంచులోంచి గాలి దూరి మెడ దగ్గర బయటికి పోతుంది. చెమట పట్టినా అంటుకోదు, బట్ట తాగేస్తుంది. వారం తిరిగేసరికి నడుము మీద చెమటకాయలు మాడిపోయాయి. రెండు వైపులా జేబులుండేవి. నిలబడి ఉన్నప్పుడు రెండు చేతులూ వాటిలో పెట్టుకుని, లోపలినుంచి పొట్టను పట్టుకునేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు.

అత్తయ్యకు మాత్రం ముడతలు గిట్టలేదు.

"ఇప్పుడే మంచం మీంచి లేచొచ్చినట్టున్నావు. ఇలాతే, ఇస్త్రీ సేస్తాను."

"చేసినా కూర్చుంటే మళ్ళీ ముడతలే అత్తయ్యా. ముడత పడాలని మీరే అన్నారు."

"కొనీటప్పుడు పడాల. కట్టుకునీటప్పుడు కాదు."

అయినా రోజూ చేసేవారు. పూర్తిగా ఆరకముందే తాడు మీంచి తీసి, తడి ఉండగానే పెట్టె నొక్కేవారు. నేను వేసుకున్న పది నిమిషాలకు అది మళ్ళీ నలిగిపోయేది. ఆవిడ చూసి తల తిప్పుకునేవారు.

వేసవి సెలవులిచ్చాక, చిల్కా సరస్సు పక్కనున్న రంభ ఊళ్ళో మా ఆయన స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్ళాం. నేను పట్టుచీర తీసి మంచం మీద పెట్టుకున్నాను. అత్తయ్య లోపలికొచ్చి దాన్ని మడిచి మళ్ళీ బీరువాలో పెట్టేశారు.

"సీరొద్దు. ఎండ మనిషిని నిలవనివ్వదు. ఆ పచ్చది ఏసుకో."

కందిపప్పు రంగు గౌను వేసుకుని, తలలో పూలు పెట్టుకుని వెళ్ళాను. అందరూ పట్టుచీరల్లో చెమటలు కారుస్తుంటే వాళ్ళ మధ్య నేను ఒక్కదాన్నే సుఖంగా ఉన్నాను. భోజనాలయ్యాక చిల్కా ఒడ్డుకు వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాం. గాలి గట్టిగా వీస్తోంది. గౌను లేచిపోకుండా అత్తయ్య దాని అంచును తన మోకాలి కింద పెట్టుకుని కూర్చున్నారు. చేపల బుట్ట పక్కన పెట్టుకున్న ఒకావిడ, "మీ అమ్మాయా?" అని అడిగింది.

"కోడలు. ఆరో నెల," అన్నారు అత్తయ్య. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

అప్పుడే బిడ్డ కదిలింది. పలచటి బట్ట కావడంతో గౌను మీద ఆ కదలిక పైకి కనిపించింది, ఒక చోట చిన్నగా లేచి పడింది. అత్తయ్య చూశారు. అడక్కుండానే అరచెయ్యి అక్కడ పెట్టారు. చాలాసేపు తియ్యలేదు.

మే నెల మొదట్లో కుట్టుపని ఆవిడ పక్కలు విప్పి వదులు చేసింది. లోపల దాగున్న బట్టకు ఎండ తగల్లేదు కాబట్టి రంగు వెలవలేదు. గౌనుకు రెండు వైపులా చంక నుంచి కింది దాకా ముదురు గీత ఒకటి కనిపించేది. నాకు అది నచ్చింది. ఎంత పెరిగానో గీసి పెట్టినట్టుండేది.

పదిహేను రోజుల తర్వాత ఒక ఉదయం కాఫీ తాగి కూర్చున్నాను. రోజూ ఆ వేళకు కదిలేది, ఆ రోజు కదల్లేదు. చల్లని నీళ్ళు తాగాను. ఎడమవైపు తిరిగి పడుకున్నాను. అత్తయ్య పంచదార నీళ్ళు కలిపి తెచ్చి నా పక్కన కూర్చున్నారు. ఇద్దరం నీలం గౌను వైపు చూస్తూ ఉన్నాం. బట్ట నా ఊపిరికి లేచి పడుతోందే తప్ప ఇంకేమీ లేదు. పన్నెండు గంటలకు ఆవిడ లేచి మా ఆయనకు ఫోన్ చేశారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట మీద పరికరం పెట్టి అటూ ఇటూ జరిపింది. తెర నా వైపు తిప్పలేదు. తర్వాత పరికరం పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఏం చెప్పిందో నాకు మాటలుగా గుర్తులేదు. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడటం గుర్తుంది.

మర్నాడు ప్రసవం అయింది. నొప్పులన్నీ వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు. ఆడపిల్ల. ఒత్తుగా జుట్టు ఉంది. నర్సు బయటికి వెళ్ళి, "గుడ్డ ఏమైనా తెచ్చారా?" అని అడగడం వినిపించింది. మేం ఏమీ కొనలేదు కదా, ఏం తెస్తారు అనుకున్నాను. అత్తయ్య చేతిసంచితో లోపలికొచ్చారు. అందులోంచి నాలుగు చదరపు గుడ్డలు తీశారు. కందిపప్పు రంగు లినెన్. గౌన్లకు కత్తిరించగా మిగిలిన ముక్కలు. కుట్టుపని ఆవిడ దగ్గర అడిగి తెచ్చుకుని, నాలుగంచులూ చేత్తో మడిచి కుట్టి, మెత్తబడేదాకా ఉతికి ఉంచారు. పుట్టకముందు ఏమీ ఉండకూడదన్న ఆవిడే. ఎప్పుడు కుట్టారో, ఎక్కడ దాచారో నాకు తెలియదు.

నర్సు వాటిలో చుట్టి కాసేపు నా పక్కన పడుకోబెట్టింది. తర్వాత మా ఆయన, వాళ్ళ బాబాయి తీసుకెళ్ళారు. ఎక్కడికో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మూడో రోజు పాలు పడ్డాయి. డాక్టరమ్మ మాత్రలిచ్చింది. అత్తయ్య బజారునుంచి మల్లెపూలు తెప్పించి, గుండెల మీద రెండు వైపులా పరిచి, పాత చీర ముక్కతో గట్టిగా కట్టారు. ఆ వాసనకు పాలు ఇంకిపోతాయని అనేవారు. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం పూలు మార్చారు. వాడిన పూలు తీసినప్పుడు పాలతో తడిసి ఉండేవి. ఆవిడ వాటిని కొంగులో మూట కట్టుకుని బయటికి తీసుకెళ్ళేవారు.

పాలు ఆగిపోయాయి. పొట్ట తగ్గలేదు. ఏ జాకెట్టూ పట్టలేదు. నైటీ వేసుకుంటే మళ్ళీ ఒళ్ళంతా మంట. ఆసుపత్రికి వేసుకెళ్ళిన నీలం గౌనును అత్తయ్య ఉతికి ఎక్కడో పెట్టేశారు. పచ్చది నేను ముట్టుకోలేకపోయాను. ఎర్రది ఒక్కటే మిగిలింది. దాన్నే పొద్దున ఉతుక్కుని, అరగంటలో ఆరితే మళ్ళీ దాన్నే వేసుకునేదాన్ని.

మూడు వారాలకు కాస్త నడవమని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రాలు వీధి దాటి రెండు మలుపుల అవతలిదాకా వెళ్ళేదాన్ని. మా వీధిలో అందరికీ తెలుసు. ఎదురైతే పలకరించకుండా పక్కకు తప్పుకునేవారు. రెండో మలుపులో ఒక ఆవిడ తాటిముంజలు అమ్మేది. సోనేపూర్ నుంచి బస్సులో గెలలు తెచ్చుకుని చెట్టు నీడలో కూర్చునేది. అరవై ఏళ్ళుంటాయి. నన్ను చూసి, నా గౌను చూసి పిలిచింది.

"ఏటమ్మా, ఎన్నో నెల?"

రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

"ఏడో నెల," అన్నాను.

"రా, కూకో. సలవ సేస్తాది. లేతవి తీస్తాను."

కత్తితో కాయ చెక్కి ముంజ చేతిలో పెట్టింది. తింటుంటే చూస్తూ, కాళ్ళు వాస్తున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా, ఏం తినాలనిపిస్తోంది అని వరసగా అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. అన్నీ నెల కిందటి సంగతులే, కొత్తగా ఏదీ కల్పించక్కర్లేకపోయింది. ఇంటికొచ్చి స్నానాలగదిలో కొళాయి తిప్పి ఏడ్చాను. రెండు రోజులకు మళ్ళీ వెళ్ళాను.

అలా వెళ్తూనే ఉన్నాను. వెళ్ళేముందు ఎర్ర గౌనును నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసుకునేదాన్ని. జేబుల్లో చేతులు పెట్టుకుని, వీపు వెనక్కి వాల్చి, నెలలు నిండుతున్న మనిషిలా నడిచేదాన్ని. ఇది తప్పని తెలుసు. అయినా ఆ మలుపు తిరిగాక ఆవిడ పిలుపు కోసం అడుగు నెమ్మది చేసేదాన్ని.

ఒకరోజు అత్తయ్య తోడొస్తానన్నారు. వద్దనడానికి కారణం దొరకలేదు. ముంజలావిడ ఆవిణ్ణి చూడగానే జరిగి చోటిచ్చింది.

"మీ కోడలా పెద్దమ్మా? బాగా సూసుకోండి. తొలిసూలు గదా. మొన్నటికీ నేటికీ పొట్ట కిందికి దిగినట్టుంది."

అత్తయ్య నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. గౌను మీద పడిన ముంజనీటి మరకను గోటితో రుద్దుతూ ఉండిపోయాను.

"సూసుకుంటాం," అన్నారు అత్తయ్య.

ముంజలు తిని లేచాం. నడుస్తూ ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు. మొదటి మలుపు దాటాక అడిగారు.

"ఎన్నాళ్ళనించి?"

"రెండు వారాలైంది."

"ఆవిడ అలాగడిగితే నీకు బాగుందేటి?"

"బాగుంది అత్తయ్యా."

ఇంకాస్త దూరం నడిచాం.

"అయితే ఎల్లు. ముంజలింక ఎన్నో దినాలుండవు."

ఆ నెలాఖరుకు వానలు పడ్డాయి. ఆవిడ రావడం మానేసింది. బడి తెరిచారు, నేను మళ్ళీ చీరల్లోకి వచ్చాను. ఎర్ర గౌను కుట్టుపని ఆవిడకిచ్చి పక్కలు మళ్ళీ పట్టించాను. ఆవిడ కొలత తీసుకోలేదు, నా మొహం వైపూ చూడలేదు. "గుండీలు తీసేసి ముందు కుట్టేయనా?" అని మాత్రం అడిగింది. సరేనన్నాను.

ఆ ఏడాది ఎలాగో గడిచింది. మా ఆయన కొట్టునుంచి ఆలస్యంగా రావడం అలవాటు చేసుకున్నారు. మేమిద్దరం బిడ్డ గురించి మాట్లాడుకోలేదు. ఆయన మొదలుపెడతారని నేనూ, నేను మొదలుపెడతానని ఆయనా అనుకున్నామేమో. మళ్ళీ కడుపు రాలేదు.

మళ్ళీ వేసవిలో ఎండ భరించలేక ఒక సెలవురోజు ఉదయం ఎర్ర గౌను తీసి వేసుకున్నాను. ఇప్పుడది మామూలు గౌను, ఒంటికి సరిగ్గా సరిపోయింది. కూరలకని బయల్దేరిన దాన్ని రెండో మలుపుకు వెళ్ళిపోయాను. ఆవిడ అక్కడే కూర్చుని ఉంది. మొహం కంటే ముందు గౌనును గుర్తుపట్టింది.

"ఎర్ర గౌనమ్మవి గదూ. పురుడు సుకంగా వచ్చిందా? ఏ పిల్ల? మా ఊరమ్మోరికి నీ కోసం కోడిని మొక్కేను. వానలకి నేను మరి రానేదు గానీ, పురుడొచ్చీసుంటాదని మొక్కు తీర్చీసేను కూడాను."

ఇన్నాళ్ళూ ఆ అబద్ధం నాకొక్కదానికే తగిలిందనుకున్నాను.

"బిడ్డ లేదమ్మా. నువ్వు నన్ను మొదటిసారి పిలిచేటప్పటికే పోయింది."

ఆవిడ చేతిలోని కత్తి బుట్టలో పెట్టింది.

"అప్పటికే నేదా?"

"లేదు."

"మరి నాకలగ సెప్పేవేటమ్మా?"

"నువ్వు అడిగావు. అప్పటికి నన్ను ఇంకెవరూ ఏమీ అడగటం లేదు."

కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ పక్కనున్న గోనెపట్టా దులిపి, కూర్చోమని చేత్తో చూపించింది. కూర్చున్నాను. ఇద్దరు ముగ్గురు వచ్చి ముంజలు కొనుక్కుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక మెల్లగా అడిగింది.

"ఆడపిల్లా?"

"ఆడపిల్ల."

"ఎవరి పోలిక?"

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మ అడగలేదు, మా ఆయన అడగలేదు.

"మా అత్తయ్య పోలిక. నుదురూ, చెవులూ అచ్చం ఆవిడవే."

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య వంటింట్లో పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. నేను ఎదురుగా నేల మీద కూర్చుని, ముంజలావిడ ఏమడిగిందో, నేనేం చెప్పానో చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"సూసేను," అన్నారు. "గుడ్డలో సుట్టీటప్పుడే సూసేను. నీకు తెల్దనుకున్నాను. తెలిస్తే ఇంకా బాధపడతావని సెప్పలేదు."

ఆవిడ కొంగుతో మొహం కప్పుకున్నారు. ఈ ఏడాదిలో నా ఎదుట ఆవిడ ఏడవడం అదే మొదటిసారి. చింతపండు పళ్ళెం పక్కకు జరిపి నేను దగ్గరగా వెళ్ళి కూర్చున్నాను. మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చేటప్పటికి అన్నం ఇంకా పొయ్యి ఎక్కలేదు. ఆయన గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూశారు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి మా పక్కనే నేల మీద కూర్చున్నారు.